ఆరో గుంతకు దారి

ముందే చెప్తున్నాను. గోల్ఫ్ స్టిక్కు నేనెప్పుడూ పట్టలేదు, పట్టను కూడా. కానీ మా గుట్ట మీది తొమ్మిది గుంతల్లోకీ బంతిని ఎలా చేర్చాలో నాకు తెలిసినంతగా ఆ క్లబ్బు మెంబర్లలో ఒక్కడికీ తెలియదు. సరదాకి నేర్చుకున్నది కాదు. పోయిన ఎండాకాలం సమ్మె కోసం నేర్చుకున్నాను.

మాది ధర్మపురి నుంచి ఇండూరు పోయే రోడ్డుకు పైన, గుట్ట మీద, కుప్పన్ కొట్టాయ్. నలభై ఇళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బస్సు గుట్ట కింద ఆగుతుంది. మాకూ బస్సుకూ మధ్య గోల్ఫ్ క్లబ్బు. ఆ క్లబ్బు రాకముందు నుంచీ వాలు మీద మా కాలిదారి ఉంది. దిగడానికి పన్నెండు నిమిషాలు. ఆరు పది బస్సు అందితే ధర్మపురిలో కట్టడం పని దొరుకుతుంది. తప్పితే ఆ రోజు కూలి లేదు. మా భూగోళం అంతే.

చిత్తిర నెల, అంటే ఏప్రిల్ నడుమ, మొదటి సోమవారం పొద్దున మేం దిగేసరికి దారికి అడ్డంగా ముళ్ళకంచె. కంచె అవతల మా దారి పొడుగునా పచ్చిక పలకలు పరిచి, తుంపర్ల గొట్టాలతో నీళ్ళు పెడుతున్నారు. ఇరవైమంది ఆడవాళ్ళం క్యారియర్లు పట్టుకుని నిలబడ్డాం. కింద బస్సు హారన్ కొట్టి, కాసేపు ఆగి, పోయింది.

సెక్రటరీ ప్రతాప్ బ్యాటరీ బండిలో వచ్చాడు. "మీ మంచికేనమ్మా," అన్నాడు అరవంలో. "మెంబర్ల బంతి మీ తలకు తగిలితే ఎవరిది బాధ్యత?"

"ఆరు గంటలకు మీ మెంబర్లు నిద్ర లేస్తారా సార్?" అన్నాను.

"రూలంటే రూలు. క్వారీ రోడ్డు మీదుగా చుట్టి పోండి. గంట నడక. నడిస్తే ఒంటికి మంచిది."

వెనకనుంచి, మాతో కూలికొచ్చే మునియక్క అంది. "అంత మంచిదైతే ఆ బండి దిగు సార్."

అందరూ నవ్వారు. ఆయన దిగలేదు. కంచె కూడా దిగలేదు.

నేను సంఘం మనిషిని. కూలీ తగాదా ఏది వచ్చినా ముందు నా గొంతే లేస్తుంది. నాలుగు రోజులు క్లబ్బు గేటు ముందు ధర్నా చేయించాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక ముసలి మెంబరు కారు దిగి మమ్మల్ని చూసి, ఎండకు నీడ వెతుక్కుని వచ్చినవాళ్ళం అనుకుని, క్యానుతో మజ్జిగ పంపించాడు. మునియక్క రెండు గ్లాసులు తాగి, "చల్లగా ఉండు సామీ," అని దీవించింది. "దారి మాది! కంచె తియ్యి!" అని నేను అరుస్తుంటే వెనకనుంచి రావలసిన గొంతులన్నీ మజ్జిగ మింగుతున్నాయి. ధర్నా అక్కడే చచ్చింది.

కలెక్టరాఫీసుకు పోయాను. గుమస్తా పటం పరిచి, కళ్ళద్దాలు తుడిచి చూశాడు.

"దారి లేదే."

"సార్, దారి నేల మీదుంది."

"పటంలో లేదే."

పటాన్ని మడిచాడు. మా తాతలు నడిచిన దారి ఆ మడతల్లో ఎక్కడా లేదు.

ఇంటికి వస్తే మా అత్త చిన్నతాయి గడప మీద కూర్చుని ఉంది. నెలకోసారి చక్కెర జబ్బు మాత్రలకు మెడికల్ కాలేజీ ఆస్పత్రికి పోవాలి ఆమె. క్వారీ రోడ్డున గంట నడిచే మోకాళ్ళు కావు.

"నువ్వు అరిస్తే కంచె లేస్తాదా మే?" అంది.

"అరవకపోతే లేస్తాదా అత్తా?"

"అరిచినా అరవకపోయినా లేచేది కాదనే చెప్తాండాను. కాళ్ళు కడుక్కొని రా, సంగటి అయింది."

నా మొగుడు ఏళుమలై ఆ క్లబ్బులోనే క్యాడీ. అంటే మెంబరు వెనక స్టిక్కుల సంచి మోస్తూ, ఏ గుంత దగ్గర ఏ స్టిక్కు తీయాలో, ఎటు కొట్టాలో చెప్పేవాడు. పదకొండేళ్ళుగా అదే పని. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పూట సంగటి ముందు కూర్చుని అడిగాను.

"మామా, నువ్వు ఎటు కొట్టాలో చెప్పకపోతే ఏమైతాది?"

"బంతి రోడ్డు మీద ఉంటాది," అన్నాడు. ఆ తర్వాత ఆయన నవ్వాడు. నాకు పని దొరికింది.

పాత నోటుబుక్కు తీశాను. కుప్పంలో కట్టడం పనికి పోయినప్పుడు గోడల మీది పోస్టర్లు కూడబలుక్కుని నేర్చుకున్న తెలుగు అక్షరాలు నావి. ఆ పుస్తకం ఎవరి చేతికి చిక్కినా క్లబ్బులో చదివే మనిషి లేడు.

"ఒకటో గుంత నుంచి చెప్పు."

ఆయన పళ్ళెంలో సంగటిని గుట్టలాగా నొక్కాడు. గరిటెతో పైనుంచి పులుసు పోశాడు. "ఒకటోది దిగుడు. పెద్ద స్టిక్కు తీస్తారు. వద్దు. ఒక నంబరు చిన్నది తియ్యాల. వాలే మోసుకుపోతాది."

"రెండోది?"

"ఎక్కుడు. దానికి ఒక నంబరు పెద్దది. పొగరుబోతులు తియ్యరు. బంతి సగం ఎక్కి, కొంచెం యోచన చేసి, తిరిగి వాళ్ళ కాళ్ళ దగ్గరికే వస్తాది."

మూడోదానికి వేలితో వాగులాగా వంక తవ్వి, అవతల ఉల్లిపాయ ముక్క పెట్టాడు. పొట్టిగా కొడితే వంక, పొడుగ్గా కొడితే బండ, బండకు తగిలితే తిరిగి వంకే. నాలుగోది గుట్టను చుట్టుకుని పోతుంది. గుట్ట మీదుగా ఎగరేస్తే ఒక దెబ్బ మిగులుతుందని అందరికీ ఆశ. చుట్టి పోయేవాడే ముందు చేరతాడు. ఐదో గుంత దగ్గర నేల కంటికి కుడికి వాలినట్టు ఉంటుంది.

"కానీ గుట్టంతా ఇండూరు చెరువు పక్కకే వాలి ఉండాది మే. బంతి ఎడమకే పోతాది. కంటి మాట వింటే పోయినట్టే."

మా అత్త పళ్ళెం చూసి నుదురు కొట్టుకుంది. "సంగటి తింటాండావా, చెరువు తవ్వుతాండావా?"

ఆరో గుంతకు ఆయన చాలాసేపు తీసుకున్నాడు. సంగటిని ఒక పక్కకు వాలేట్టు నొక్కి, చిటికెనవేలితో ఐమూలగా సన్న గాడి గీశాడు.

"గుంతలో పాతిన జెండా కనపడదు. నేలంతా ఎడమ పక్క వంకలోకి వాలి ఉంటాది. జెండాకేసి కొడితే వంకే. కుడి పక్కన పైన తెల్లబండ ఉండాది చూడు, దానికేసి కొట్టాల."

"కొడితే?"

"మిగతాది నేల చూసుకుంటాది."

పులుసు పోశాడు. అది జారి, గాడిలో పడి, గాడి వెంబడే తిరిగి పళ్ళెం అంచుకు చేరింది. నేను ఆయన చెప్పిన మాట రాసుకున్నాను. గాడిని చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఇంత పొడుగుండేది కాదు.

ఏడో గుంతకు పొద్దున పదకొండు గంటలు దాటితే కొండసందు గాలి బంతిని లాగేస్తుంది. ఎనిమిదోదాని దగ్గర బంతి కాళ్ళకంటే కింద ఉంటుంది కాబట్టి కుడికి పోతుంది, ఎడమకు గురి పెట్టాలి. తొమ్మిదోదానికి బంతిని జెండాకు కిందే ఆపాలి. పైకి పోయిందా, ముట్టుకుంటే చాలు, మళ్ళీ మొదటికి దిగుతుంది. అదీ వీళ్ళ ఆట. తెల్లబట్టలు వేసుకుని గెలిచేది వాళ్ళు. గెలిపించే మాట మా కొట్టాయ్‌ది.

మర్నాడు సాయంత్రం పదకొండుమంది క్యాడీలనూ మునిరాజ్ ఇంటి ముందు కూర్చోబెట్టాను. మునిరాజ్ వాళ్ళందరిలోకీ వాగుడుకాయ. "అక్కా, సంచులు పడేసి వచ్చేస్తామా?" అన్నాడు ఉత్సాహంగా.

"పడేస్తే రేపు ఇంకొకడు మోస్తాడు. మోయండి. అడిగిన స్టిక్కు ఇవ్వండి. నోరు మాత్రం తెరవొద్దు. వేలు చూపొద్దు. తలకాయ ఊపొద్దు."

"సార్ గట్టిగా అడిగితే?"

"బోర్డు చూపించు."

బోర్డు ప్రతాప్ పెట్టించిందే. రెండేళ్ళ కిందట మునిరాజ్ ఒక మెంబరుతో క్రికెట్ గురించి వాదులాడినప్పుడు గోడకు కొట్టించాడు: ఆట సమయంలో క్యాడీలు మాట్లాడరాదు. రూలంటే రూలు.

ఆ వారం మునియక్కా నేనూ గుట్ట పైబండ మీద కూర్చుని చూశాం. జన్మలో అంత మంచి వినోదం చూడలేదు. రెండో గుంత దగ్గర బట్టలకొట్టు షావుకారు బంతి మూడుసార్లు పైకెక్కి మూడుసార్లు ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చింది. మూడోసారి ఆయన దానితో ఏదో మాట్లాడాడు. ఐదోదాని దగ్గర ఒక లాయరు బంతి చెరువు వైపు పారిపోతుంటే మునిరాజ్ వైపు తిరిగాడు. మునిరాజ్ ఆకాశంలో గద్దను చూశాడు. తొమ్మిదో గుంత దగ్గర కొట్టిన బంతి దిగి దిగి, మెట్లు దిగి, ప్రతాప్ టీ తాగే బల్ల కింద ఆగింది.

మునియక్క ఈల వేసింది. అరవై దాటిన మనిషి.

అంతా బాగానే ఉంది, నా మొగుడు తప్ప. ఏళుమలైకి తప్పు స్టిక్కు చూస్తే దగ్గు వస్తోంది. రెండో గుంత దగ్గర మెంబరు చెయ్యి చిన్న స్టిక్కు మీద పడితే దగ్గు. సరైనదాని మీద పడితే ఆగిపోతుంది. రెండు రోజుల్లో మెంబర్లంతా పసిగట్టి, నాకు ఏళుమలై కావాలంటే నాకు కావాలని పొద్దున్నే వరసలో నిలబడ్డారు.

"దగ్గు గూడా మాటే మామా," అన్నాను.

"గొంతు మే. ఎండకు."

"నీ ఎండ తప్పు స్టిక్కు తీసినప్పుడే కొడతాదా?"

మర్నాడు తువ్వాలుతో మూతి కట్టి పంపాను. రెప్పలు కొట్టడం మొదలుపెట్టాడు.

ప్రతాప్ ఊరుకోలేదు. జెండా ఎంత దూరమో చెప్పే ఫోన్లు తెప్పించాడు. ఫోను దూరం చెప్పింది, వాలు చెప్పలేదు. కానీ వారాలు గడిచేకొద్దీ మెంబర్లకు కొన్ని గుంతలు వాళ్ళంతట వాళ్ళకే గుర్తొచ్చాయి. పదకొండేళ్ళు చెవిలో పడ్డ మాటలు కదా. ఒకటోది చిన్న స్టిక్కు, ఐదోది ఎడమకు పోతుంది. మా సమ్మె అంచులనుంచి కరగడం నాకు పైబండ మీదనుంచి కనిపిస్తూనే ఉంది. కొట్టాయ్‌లో సగంమంది కూలి పోగొట్టుకుని ఇంట్లో ఉన్నారు, మిగతా సగం క్వారీ దుమ్ము మింగుతూ నడుస్తున్నారు.

ఒక్క ఆరోదే లొంగలేదు. తెల్లబండ అందరికీ గుర్తుంది. దానికేసే కొట్టేవారు. బంతి ముందులాగే బండ కింద పడి, ముందులాగే ఎడమకు జారి, ఆగకుండా తిరక్కుండా నేరుగా వంకలో పడేది. ఎవరు కొట్టినా అంతే. దారి మూసినందుకు మా ఆడవాళ్ళు మన్ను చల్లి శపించారని మెంబర్లు గుసగుసలు పోయారు.

"మనం శపించినామా మే?" అంది మునియక్క.

"లేదక్కా."

"ఉండనీ. ఆ పేరు గూడా ఉండనీ."

వైకాశి చివర, జూన్ నడుమ, బెంగళూరు నుంచి ఒక క్లబ్బు వాళ్ళు పోటీకి వచ్చారు. ఏటా వస్తారు. నాలుగేళ్ళుగా ప్రతాప్ వాళ్ళను ఓడిస్తూ కప్పు అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. తొమ్మిది గుంతలూ రెండు చుట్లు ఆడాలి. ఆయన సంచి ఏళుమలై మోస్తున్నాడు. మేం ఆడవాళ్ళం ఆరో గుంత పక్కన కంచె ఇవతల నిలబడ్డాం. మొదటి చుట్టులో ప్రతాప్ బంతీ, ఆయన మీద ఆడే బెంగళూరు మనిషి బంతీ వంకలో పడ్డాయి. రెండో చుట్టులో అక్కడికి ఇద్దరూ సమానంగా వచ్చారు.

బెంగళూరు మనిషి ముందు కొట్టాడు. వంక. ఆయన స్టిక్కు సంచిలోకి విసిరి నవ్వాడు. "ప్రతాప్, ఇదొక గుంతా? ఇది గీసినవాడికి బుద్ధి లేదు. పూడ్చేసి ఇంకొకటి తవ్వుకోండి."

ఏళుమలై సంచి కింద పెట్టాడు. పదకొండేళ్ళలో ఆట మధ్యలో ఆయన సంచి దించడం ఎవరూ చూడలేదు. మూతికి కట్టిన తువ్వాలు విప్పాడు. నా వైపు చూశాడు. నేను అడ్డంగా తల ఊపాను, వద్దని, రెండుసార్లు.

"గుంతను అనొద్దు సార్," అన్నాడు. "ఇది ఈ గుట్టలోకల్లా మంచి గుంత. మా సెక్రటరీ సారే దాని నేల మూసేసినాడు."

ప్రతాప్ మొహం ఎర్రబడింది. "ఏ నేల?"

"ఆ పచ్చిక కింద దారి ఉండాది సార్. అదిగో, ఆ ఆడోళ్ళు నడిచిన దారి. నడిచి నడిచి రాయిలాగా గట్టిపడి గాడి అయింది. తెల్లబండ కాడ పడిన బంతి జారి ఆ గాడిలోకి వస్తాది. గాడే తిప్పి జెండా కాడికి తెస్తాది. మీరు నాలుగేళ్ళు గెలిచింది ఆ గాడి మీదనే. ఇప్పుడు మెత్తగా పచ్చిక పరిచి పూడ్చినారు. బంతి దాన్ని దాటి వంకలోకి పోతాది. నేను చెప్పినా పోతాది, చెప్పకపోయినా పోతాది."

బెంగళూరు మనిషి మా కాళ్ళ వైపు చూశాడు. ఇరవై జతల రబ్బరు చెప్పులు. ప్రతాప్ తెల్లబండకేసి బలంగా కొట్టాడు. బంతి వంకలో పడింది. మిగిలిన మూడు గుంతల్లో ఆయన చెయ్యి కుదరలేదు. ఆ సాయంత్రం కప్పు బెంగళూరు పోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడు వారాలు ఒక్కడు నోరు విప్పకుండా కాపాడిన సమ్మె. నా ఇంటి మనిషే, నా కళ్ళముందే, నేను వద్దంటున్నా విప్పాడు. ఇంట్లో ఆయనతో మాట మానేశాను.

"ఇంట్లో గూడా సమ్మెనా?" అంది అత్త. "బోర్డు ఏమైనా పెట్టినారా?"

మూడు రోజులు ఏళుమలై సంగటిని పళ్ళెంలో చదునుగా పరుచుకుని తిన్నాడు. గుట్ట లేదు, వంక లేదు. నాలుగో రోజు చెయ్యి కడుక్కుంటూ, "గుంతది తప్పు లేదు మే," అన్నాడు. ఆయన సంజాయిషీ అంతే.

ఐదో రోజు తుంపర్లు ఆగాయి. ఇద్దరు మనుషులు పచ్చిక పలకలు ఊడదీస్తున్నారు. మధ్యాహ్నానికి ప్రతాప్ మా గుట్ట ఎక్కి వచ్చాడు. బండి ఎక్కదు కదా, నడిచే వచ్చాడు. మునియక్క నీళ్ళిచ్చింది. చెంబు ఖాళీ అయ్యేదాకా మాట రాలేదు.

"ముందులాగే నడవండమ్మా," అన్నాడు. "కంచె తీయించాను. నేల తొందరగా గట్టిపడాలి. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ. మేకలుంటే మేకల్ని కూడా తోలండి."

"మా తలకు బంతి తగిలితే సార్?"

"ఆరు గంటలకు మెంబర్లు ఎక్కడ లేస్తారమ్మా?"

"రాసివ్వండి," అన్నాను.

క్లబ్బు కాగితం మీద రాసిచ్చాడు: కుప్పన్ కొట్టాయ్ వాళ్ళు ఏ వేళలోనైనా ఆ దారిన నడవవచ్చు. సంతకం, ముద్ర. నా నినాదాల్లో ఒక్కటీ ఆ కాగితంలో లేదు.

మర్నాడు ఆరు పది బస్సుకు దిగుతూ మునియక్క అడిగింది. "ఇది మన కోసం ఇచ్చినాడా మే, బంతి కోసం ఇచ్చినాడా?"

"బస్సు అది అడగదక్కా. నడువు."

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. జూలైలో, ఆడి నెల వానలు మొదలైన వారం చెట్టుకు ఒక నోటీసు వేలాడింది. పొద్దున ఏడు దాటాక, మెంబర్లు ఆడే వేళల్లో, దారి మూసి ఉంటుంది. సాయంత్రం పనినుంచి వచ్చేవాళ్ళు క్వారీ రోడ్డున పోవాలి. నేల గట్టిపడింది కదా, ఇక సగం కాళ్ళు చాలుననుకున్నాడు. అడిగితే, ఆ కాగితం రాసినప్పటి పరిస్థితి వేరన్నాడు.

ఈసారి ధర్నా చేయించలేదు. ఇంకో క్యాను మజ్జిగ ఓడించే ఓపిక నాకు లేదు. ఆడవాళ్ళను పిలిచి ఒక్కటే చెప్పాను. వానకు పాత గాడిలోకి మన్ను దిగుతోంది. మెత్తటి నేల, రెండు వారాల్లో కొత్త దారి పడుతుంది. రేపటినుంచి తెల్లబండ దాటి జెండా వైపు తిరిగే చోట, అందరూ ఒక అడుగు ఎడమకు, వంక వైపు నడవండి. మేకలను కూడా అటే తోలండి.

మునియక్క కాసేపు నా మొహం చూసి ఈల వేసింది.

ఆ పూట సంగటి ముందు ఏళుమలైకి చెప్పాల్సి వచ్చింది. ఎలాగూ నేల చూసి కనిపెట్టేస్తాడు. విన్నాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఆరో గుంతను చంపుతావా మే?"

"కాగితం మళ్ళా బతికేదాకా. ఆ పైన కుడికి నడిచి నీ గుంతను నీకిస్తాం."

మా అత్త గరిటె పట్టుకుని నిలబడింది. చాలా రోజుల తర్వాత ఆయన సంగటిని ఒక పక్కకు వాలేట్టు నొక్కాడు. చిటికెనవేలితో గాడి గీసి, చివర కొంచెం ఎడమకు తిప్పాడు. పులుసు పోశాడు. పులుసు గాడి వెంబడి వచ్చి, మలుపు దగ్గర తడబడి, పాత చోటికే చేరింది.

దాన్ని అరచేత్తో చెరిపేసి మళ్ళీ గీశాడు.

"అడుగు చాలదు మే," అన్నాడు. "అడుగున్నర."